వంగిన మెడకు సూది మందేనా?

ధర్మవరంలో గుంట మగ్గం మీద కూర్చున్న నేత కార్మికుడి చూపు రోజంతా జానెడు మేర దాటదు. కాళ్లు గుంటలో, చేతులు నాడె మీద, తల ముందుకు వంగి పేక పడే చోటి మీద. హిందూపురంలో చింతపండు కొట్టి గింజ తీసే ఆడవాళ్లదీ, దుస్తుల కర్మాగారాల్లో కుట్టుమిషన్ల ముందు కూర్చునే అమ్మాయిలదీ అదే వంపు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ ప్రాంతానికి కొత్త పనులు వచ్చాయి. వాహనాల పరిశ్రమ ప్రపంచంలో ఎక్కడున్నా తల పైకెత్తి, చేతులు పైకి చాచి బిగించే పనులు, స్టీరింగు ముందు గంటల తరబడి కూర్చునే పనులు దాని వెంటే ఉంటాయి. మనిషి తల బరువు దాదాపు ఐదు కిలోలు. నిటారుగా ఉన్నంతసేపు ఆ బరువును వెన్నుపూసలు మోస్తాయి. తల ముందుకు వంగేకొద్దీ మెడ వెనుక కండరాలే దాన్ని లాగి పట్టుకోవాలి, అప్పుడు వాటి మీద పడే భారం కొన్ని రెట్లు పెరుగుతుంది. పదేళ్లు, ఇరవయ్యేళ్లు అలా పట్టుకున్న కండరం ఒకరోజు మొరాయిస్తుంది. ఈ మూడు ఊళ్లలో చాలా మెడనొప్పులు ఇలా పనిలోంచి పుట్టేవే. వైద్యం మాత్రం పని గురించి ఒక్క ప్రశ్నయినా అడగకుండానే సూది దాకా వెళ్లిపోతోంది.

సూది అని అందరం ఒక్క మాటలో అనేస్తాం గానీ, మెడనొప్పికి వేసే స్టెరాయిడ్ సూదులు కనీసం నాలుగు రకాలు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర పిరుదుకో జబ్బకో వేయించుకునే డెక్సామెథసోన్ లాంటిది ఒకటి. అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, మెడకు ప్రత్యేకంగా చేసేదేమీ ఉండదు. మెడకూ భుజానికీ మధ్య గట్టిపడిన కండరంలోకి నేరుగా వేసేది రెండోది. పూసల వెనుక ఉండే చిన్న కీళ్లలోకి ఎక్స్‌రే తెర మీద చూస్తూ వేసేది మూడోది. వెన్నుపామును కప్పి ఉంచే పొరకు వెలుపల ఉన్న సన్నని ఖాళీలోకి, అంటే ఎపిడ్యూరల్ చోటులోకి వేసేది నాలుగోది. ఈ నాలుగింటి లాభాలు వేరు, ప్రమాదాలు వేరు. రోగికి ఆ తేడా ఎవరూ చెప్పరు కాబట్టే ‘ఫలానా వాళ్లకు సూదితో తగ్గిందట, నాకూ వేయండి’ అని అడుగుతాడు. స్టెరాయిడ్ సూదికి మెడ వైద్యంలో చోటు లేకపోలేదు. మెడలో నరం మొదలు నొక్కుకుపోయి, వాచి, నొప్పి భుజం దాటి చేతిలోకి దిగుతున్న కొద్దిమందికి, కొన్ని వారాల ఉపశమనం కోసం, తగిన యంత్రాలున్న చోట, ఆ పనిలో శిక్షణ పొందిన వైద్యుడి చేతిమీదుగా వేస్తే దానికి అర్థముంది. పనిలో అలిసిపోయిన మెడకు మాత్రం అది మందు కాదు.

ఎందుకు కాదో తెలియాలంటే స్టెరాయిడ్ చేసే పనేమిటో చూడాలి. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో కదల్లేని స్థితికి చేరిన ఒక యువతికి కార్టిజోన్ ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌, ఎడ్వర్డ్ కెండల్‌, టాడియస్ రైక్‌స్టైన్‌లకు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సంబరం సద్దుమణగకముందే రెండో వైపు కూడా బయటపడింది: ముఖం ఉబ్బడం, చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం, మందు ఆపగానే నొప్పి తిరిగి రావడం. స్టెరాయిడ్ వాపు పుట్టించే రసాయనాలను అణచివేస్తుంది. మెడలోని డిస్కు చిట్లి, దాని లోపలి పదార్థం నరం మొదలును తాకినప్పుడు అక్కడ నిజంగానే వాపు పుడుతుంది. ఆ వాపు మీద స్టెరాయిడ్ పనిచేయడానికి కారణం ఉంది. కానీ ఒకే భంగిమలో గంటల తరబడి బిగుసుకున్న కండరంలో అణచాల్సినంత వాపే ఉండదు. అక్కడున్నది అలసట, బలహీనత, సరిగా కదలకపోవడం. వాటిని సరిచేసే గుణం ఏ స్టెరాయిడ్‌కూ లేదు.

పరిశోధనలు చెప్పేదీ ఇదే. 1994లో ఆస్ట్రేలియాకు చెందిన బార్న్‌స్లీ, బోగ్డక్ తదితరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాహన ప్రమాదాల్లో మెడ అదిరి, ఏళ్లపాటు నొప్పి వీడని 41 మందిని తీసుకున్నారు. నొప్పి మెడలోని చిన్న కీళ్ల నుంచే వస్తోందని ముందే నిర్ధారించుకున్నారు. కొందరికి ఆ కీళ్లలోకి స్టెరాయిడ్, మిగతావారికి మొద్దుబారే మందు మాత్రమే ఎక్కించారు. ఎవరికి ఏది వేశారో రోగులకు తెలియదు. తగ్గిన నొప్పి మళ్లీ సగం స్థాయికి చేరడానికి స్టెరాయిడ్ బృందంలో మధ్యస్థంగా 3 రోజులు పట్టింది, మొద్దుమందు బృందంలో 3.5 రోజులు. అంటే స్టెరాయిడ్ అదనంగా ఇచ్చింది ఏమీ లేదు. రోగులను ఇంత జాగ్రత్తగా ఎంపిక చేసిన చోటే ఫలితం ఇలా ఉంటే, ఏ కీలూ నరమూ నిర్ధారించకుండా భుజం మీద వేసే సూది గురించి చెప్పేదేముంది?

చేతిలోకి దిగే నొప్పి విషయంలో చిత్రం కొంచెం వేరు. అమెరికాలో స్టీవెన్ కోహెన్ బృందం 2014లో అలాంటి 169 మందిని మూడు జట్లు చేసింది. ఒక జట్టుకు ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ సూదులు, రెండో జట్టుకు నరాల నొప్పి మాత్రలూ ఫిజియోథెరపీ, మూడో జట్టుకు రెండూ. నెల తర్వాత చేతి నొప్పిని కొలిచి చూస్తే మూడు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడు నెలలకు మాత్రం రెండూ కలిపి ఇచ్చిన జట్టులో దాదాపు 57 శాతం మందికి మంచి ఫలితం కనిపించింది. సూది ఒక్కటే పొందినవారిలో అది 37 శాతం, మాత్రలూ వ్యాయామంతో సరిపెట్టుకున్నవారిలో 27 శాతం. దీన్ని చదవాల్సిన తీరు నా దృష్టిలో ఇది: సూది నొప్పిని కొంతకాలం దించితే, ఆ వ్యవధిలో వ్యాయామం చేసుకున్న మనిషి బాగుపడతాడు. వ్యాయామం లేని సూది ఆ గడువును వృథా చేస్తుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2025లో 90 అధ్యయనాలను పరిశీలించి, నడుము నుంచి కాలిలోకి దిగే నొప్పికి ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ కొద్దికాలం, కొద్దిపాటి ఉపశమనం ఇవ్వవచ్చని తేల్చింది. మెడ విషయానికి వచ్చేసరికి ఏదో ఒకటి చెప్పడానికి సరిపడా ఆధారాలే లేవంది. నడుముకు పనిచేసిందంటే మెడకూ పనిచేస్తుందని ఊహించుకోవడం ఎంత తొందరపాటో ఈ ఒక్క తేడా చెబుతుంది.

అదే ఏడాది ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఇంకా గట్టి మాట అంది. క్యాన్సర్‌తో సంబంధం లేని దీర్ఘకాలిక వెన్ను, మెడ నొప్పులకు ఎపిడ్యూరల్ స్టెరాయిడ్లు, కీళ్లలోకి వేసే సూదులు, నరాలను వేడితో మొద్దుబార్చే చికిత్స వద్దే వద్దని దానిలో వచ్చిన మార్గదర్శకం సిఫారసు చేసింది. నొప్పి వైద్యుల సంఘాలు దీన్ని తీవ్రంగా తప్పుబట్టాయి. రకరకాల రోగులను, రకరకాల పద్ధతులను ఒకే మూటగా కట్టి సగటు తీశారని, సరిగా ఎంపిక చేసిన రోగికి దక్కే మేలు ఆ సగటులో మునిగిపోయిందని వారి వాదన. ఈ వాదనలో బలముంది, కొట్టిపారేయడం సరికాదు. నిద్ర పట్టనివ్వని చేతి నొప్పితో వచ్చి, సూది తర్వాత ఆపరేషన్ అవసరం లేకుండా గట్టెక్కినవారు ఉన్నారు. కానీ ఆ వాదన దేన్ని సమర్థిస్తోందో జాగ్రత్తగా చూడాలి. ఎంపిక ముఖ్యమని అది అంటోంది. అంటే పరీక్షించి, స్కానింగ్ చూసి, నరం ఏదో గుర్తించి, ఆ తర్వాతే వేయాలని. మెడ పట్టేసిందని వచ్చిన ప్రతి మనిషికీ సూది వేయడానికి ఆ వైద్యుల మాటలోంచి కూడా అనుమతి దొరకదు.

‘నాకు తగ్గింది కదా’ అన్న మాటకు జవాబు చెప్పడం ఇంతకంటే కష్టం, ఎందుకంటే ఆ మాట నిజం. నొప్పి తగ్గింది. తగ్గించింది సూదేనా అన్నదే ప్రశ్న. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లో 1976 నుంచి 1990 వరకు మెడ నరం నొక్కుకున్న 561 మందిని కురుపత్ రాధాకృష్ణన్ తదితరులు గమనించారు. చివరిసారి చూసేనాటికి వారిలో 90 శాతం మందికి నొప్పి పూర్తిగా పోయింది, లేదా పనికి అడ్డురానంత స్వల్పంగా మిగిలింది. ఆపరేషన్ దాకా వెళ్లింది నాలుగో వంతు మందే. డిస్కు నుంచి బయటికి వచ్చిన పదార్థాన్ని శరీరమే నెమ్మదిగా కరిగించుకుంటుంది. మనిషి సూదికి వెళ్లేది నొప్పి పతాక స్థాయిలో ఉన్నప్పుడు, ఆ తర్వాత ఏం చేసినా, చేయకపోయినా అది దిగడం మొదలుపెట్టే సమయంలో. ఆ దిగుదల పేరు ఆ వారం ఏ వైద్యం జరిగితే దానికి దక్కుతుంది. స్కానింగ్ భయం కూడా ఇందులో కలుస్తుంది. జపాన్‌లో ఏ మెడ బాధా లేని 1,211 మందికి ఎంఆర్‌ఐ తీస్తే 87.6 శాతం మందిలో డిస్కు ఉబ్బు కనిపించిందని 2015లో వెల్లడైంది. ఇరవైల్లో ఉన్న యువతలోనూ ఎక్కువమందికి ఆ ఉబ్బు ఉంది. కాబట్టి ‘డిస్కు జరిగింది’ అని రిపోర్టులో రాసినంత మాత్రాన నొప్పికి కారణం దొరికినట్టు కాదు. చేతిలో తిమ్మిరి ఏ వేలికి దిగుతోంది, ఏ కండరం బలం తగ్గింది అన్నవి స్కానింగ్‌లో కనిపించిన చోటుతో కలిస్తేనే అది కారణం.

ప్రయోజనం అంతంతమాత్రమైనప్పుడు ప్రమాదం ఎంత చిన్నదైనా లెక్కలోకి వస్తుంది. మెడలో వెన్నుపాముకు, మెదడు వెనుక భాగానికి రక్తం తెచ్చే ధమనులు నరం బయటికి వచ్చే రంధ్రాల పక్కనుంచే వెళతాయి. ట్రయామ్సినోలోన్, మిథైల్‌ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లు నీటిలో కరగని రేణువులుగా ఉంటాయి. సూదిమొన పొరపాటున ధమనిలోకి పోతే ఆ రేణువులు సన్నని రక్తనాళాలను మూసేస్తాయి. చూపు పోవడం, పక్షవాతం, మరణం వంటి అరుదైన, తీవ్రమైన పరిణామాలు ఉండవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014 ఏప్రిల్‌లో ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ల మీద హెచ్చరిక జారీ చేసింది. ఎపిడ్యూరల్ వాడకానికి ఏ స్టెరాయిడ్‌కూ తాను ఆమోదం ఇవ్వలేదని కూడా గుర్తుచేసింది. అంతకు రెండేళ్ల ముందు, 2012లో, మసాచుసెట్స్‌లోని ఒక మందుల తయారీ కేంద్రం నుంచి వెళ్లిన మిథైల్‌ప్రెడ్నిసోలోన్ సీసాల్లో బూజు చేరింది. 20 రాష్ట్రాల్లో 753 మంది జబ్బుపడ్డారు, వారిలో 64 మంది చనిపోయారని అక్కడి ప్రజారోగ్య సంస్థ లెక్కగట్టింది. ఇన్ని తనిఖీలున్న దేశంలో జరిగింది ఇది. మన దేశంలో 2000ల తొలి ఏళ్లలో ఇండియాక్లెన్ అనే వైద్య పరిశోధకుల నెట్‌వర్క్ చేసిన అధ్యయనంలో దాదాపు మూడింట రెండు వంతుల ఇంజెక్షన్లు సురక్షితం కాని తీరులో వేస్తున్నారని తేలింది. ఒకసారి వాడితే మళ్లీ పనిచేయని సిరంజిలు వచ్చాక పరిస్థితి కొంత మెరుగైంది. అయినా, ఒకే సీసాలోంచి పదిమందికి మందు తీసే చోట వెన్నుపాము దగ్గరికి సూది వెళ్లడం ఎవరికీ క్షేమం కాదు.

ఈ ఊళ్లున్న రాయలసీమలో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని విదేశీ మార్గదర్శకాల్లో వెతికితే దొరకదు. అది నీళ్లలో ఉంది. 1937లో షార్ట్ తదితర పరిశోధకులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ ఎముకలను బిగించేస్తున్న తీరును వర్ణించారు. ఉమ్మడి అనంతపురం జిల్లా బోరు నీళ్లలోనూ ఫ్లోరైడ్ పాత శత్రువే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. దాన్ని దాటిన నీళ్లు తాగిన ఊళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు 1990ల మధ్యలో 731 గ్రామాలకు తాగునీరు అందించే పథకం చేపట్టడానికి కరవుతో పాటు ఇదీ ఒక కారణం. నీళ్లు మారినంత మాత్రాన ఎముకల్లో అప్పటికే చేరింది పోదు. ఫ్లోరైడ్ వెన్నుపూసలను కలిపే పట్టీలను రాయిలా గట్టిపరుస్తుంది, వెన్నుపాము వెళ్లే గొట్టాన్ని లోపలి నుంచి ఇరుకు చేస్తుంది. హైదరాబాద్‌కు చెందిన నాడీశస్త్ర వైద్యుడు డి.రాజారెడ్డి తెలుగు ప్రాంతాల రోగుల్లో ఈ జబ్బు వెన్నుపామును ఎలా నలిపేస్తుందో దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు. దీని తొలి లక్షణాల్లో మెడ బిగుసుకుపోవడం ఒకటి. మామూలు మెడనొప్పిలా కనిపిస్తుంది, మామూలు మెడనొప్పి అనే సూది వేస్తారు. ఇరుకైపోయిన గొట్టంలో ఎపిడ్యూరల్ సూదికి చోటే ఉండదు. అక్కడికి ఎక్కించిన మందు పరిమాణమే వెన్నుపామును నొక్కవచ్చు, సూది తగిలి గాయం కావచ్చు. అమెరికాలో పలు వైద్య సంఘాలు కలిసి 2015లో ఇచ్చిన సూచనల్లో మెడ ఎపిడ్యూరల్‌కు ముందు స్కానింగ్ చూసి సూదికి తగినంత జాగా ఉందని నిర్ధారించుకోవాలన్నారు. ఫ్లోరైడ్ నేలలో ఈ నియమానికి మినహాయింపే ఉండకూడదు. పళ్ల మీద గోధుమరంగు చారలు, మెడతో పాటు నడుమూ వంగకపోవడం, చిన్నప్పటి నుంచి ఏ బోరు నీళ్లు తాగారన్న ప్రశ్న: ఇవి ఖర్చులేని పరీక్షలు, వీటిని వదిలేసే వైద్యుడు ఈ ప్రాంతానికి పనికిరాడు.

ఇలాంటివే ఇంకొన్ని. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, ఆ జబ్బు వెన్నుపూసలకూ పాకుతుంది. మెడలో అది అరుదే. కానీ సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పెరిగే నొప్పి ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఇస్తే నొప్పి తాత్కాలికంగా అణగి, లోపల క్షయ పెరుగుతుంది. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. ఒక్క స్టెరాయిడ్ సూదికే వారి రక్తంలో చక్కెర కొన్ని రోజులపాటు ఎగబాకుతుంది. తనకు మధుమేహం ఉందన్న సంగతే తెలియనివారూ అందులో ఉన్నారు. ఇక ఆర్‌ఎంపీ వేసే సూదిలో స్టెరాయిడ్ ఉందో లేదో రోగికి తెలియదు. పదేపదే వేయించుకుంటే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా హార్మోను తయారు చేయడం తగ్గించేస్తాయి. సూది ఆపితే నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం. వాటికి మళ్లీ సూదే ఊరట ఇస్తుంది. ఇలా అలవాటైన శరీరానికి మెడనొప్పి కంటే పెద్ద జబ్బు అంటుకుంటుంది.

వీటన్నిటికంటే నేను గౌరవించే అభ్యంతరం ఒకటుంది. కూలికి, పీసు లెక్కన పనిచేసే మనిషికి విశ్రాంతి ఎవరిస్తారు? మగ్గం ఆగితే ఆ వారం ఆదాయం ఆగుతుంది. కర్మాగారంలో సెలవు పెడితే జీతం తెగుతుంది. ఆరు వారాల వ్యాయామం చెప్పే డాక్టరు కంటే సాయంత్రానికి లేపి కూర్చోబెట్టే సూది వాళ్లకు దయగా కనిపించడంలో తప్పేముంది? తప్పేమీ లేదు. కానీ ఆ సూది మనిషిని తిరిగి పంపేది అదే గుంటలోకి, అదే వంపులోకి. నొప్పి ఇచ్చే హెచ్చరిక కొన్నాళ్లు వినిపించదు, మెడ మీద భారం మాత్రం ఒక్క రోజూ తగ్గదు. వెన్నుపాము నలుగుతున్నప్పుడు తొలి సూచనలు చేతివేళ్లలో కనిపిస్తాయి. తెగిన పడుగు పోగును ముడి వేయలేకపోవడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, నడకలో కాళ్లు బిగుసుకోవడం. ఆ దశలో కావలసింది ఆలస్యం లేకుండా శస్త్రవైద్యుడి దగ్గరికి వెళ్లడం. సూదుల మీద సూదులతో ఆ నెలలు గడిచిపోతే కోల్పోయిన బలం తిరిగి రాకపోవచ్చు. నొప్పి మాత్రలు మాత్రం మంచివా అని అడిగితే, అవీ ఎక్కువ కాలం వాడితే మూత్రపిండాలకూ కడుపుకూ చేటే. కొద్దిరోజులు మోతాదులో వాడి, వేడికాపడం పెట్టి, పనిని ఆపకుండా వంపును మాత్రం తగ్గించడం రోజుకూలీకి కూడా సాధ్యమయ్యే దారి.

వంపు తగ్గించడం గాలిలో మాట కాదని తెలుగు నేలే రుజువు చేసింది. పోచంపల్లి తరహా చీరలకు ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టూ చుట్టడంలో, చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు ప్రాంతం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూసి, ఏళ్లపాటు ప్రయత్నించి 1999 నాటికి ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ భుజానికి మందు సూదిలో దొరకలేదు, యంత్రంలో దొరికింది. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. నేత కార్మిక కుటుంబాలకు ఏడాదికి రూ.24,000 ఇచ్చే పథకాన్ని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 2019 డిసెంబరు 21న ప్రారంభించింది కూడా ధర్మవరంలోనే. అలాంటి సాయం రూపకల్పనలో కూర్చునే పలక ఎత్తు, వీపుకు ఆనుకునే వీలు, నేత పడే చోట వెలుతురు, జాకార్డును ఎత్తే మోటారు అన్నవి వైద్యం కిందే లెక్క వేయాలి. దుస్తుల కర్మాగారాల్లో కుర్చీ ఎత్తు మార్చుకునే వీలు, గంటకోసారి రెండు నిమిషాలు మెడ తిప్పుకునే విరామం కూడా అంతే. ఫిన్లాండ్‌లో దీర్ఘకాలిక మెడనొప్పి ఉన్న 180 మంది మహిళా ఉద్యోగుల మీద ఇలినెన్ బృందం చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. మెడ, భుజాల కండరాలను బలపరిచే వ్యాయామాలు ఏడాదిపాటు చేసినవారిలో నొప్పి, ఇబ్బంది బాగా తగ్గాయి. స్టెరాయిడ్ సూదికి ఇలాంటి ఫలితం ఏడాది పొడవునా నిలుస్తుందనడానికి మామూలు మెడనొప్పిలో గట్టి ఆధారం లేదు.

అయినా సూది అవసరమయ్యే మనిషి ఉంటాడు. చేతిలోకి దిగే నొప్పి, ఆరు వారాలు మాత్రలూ వ్యాయామమూ చేసినా నిద్రపోనివ్వనిది, స్కానింగ్‌లో అదే నరం దగ్గర నొక్కు కనిపించినది, వెన్నుపాము నలుగుతున్న లక్షణాలేవీ లేనిది. అతను వైద్యుడిని సంకోచం లేకుండా అడగాల్సినవి ఉన్నాయి. ఎక్స్‌రే తెర మీద చూస్తూ, ముందు రంగుమందు ఎక్కించి సూదిమొన ఎక్కడుందో నిర్ధారించుకుంటారా? మెడలో పై భాగాన వేయకుండా మెడ అడుగున, వెన్నుపాము చుట్టూ జాగా కాస్త ఎక్కువగా ఉండే చోట వేస్తారా? పక్కనుంచి నరం రంధ్రంలోకి వేసేటట్టయితే రేణువుల మందు మానేసి డెక్సామెథసోన్ వాడతారా? చక్కెర, రక్తం పలుచబడే మందుల సంగతి చూశారా? ఈ సౌకర్యాల కోసం హిందూపురం వాళ్లు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు వెళ్లాల్సి వస్తే, ఒకసారి వెళ్లి రావచ్చు. వారానికి మూడుసార్లు, నెలల తరబడి చేయించాల్సిన వ్యాయామానికి మాత్రం అంత దూరం ఎవరూ వెళ్లలేరు. ధర్మవరంలో, పెనుకొండలో, హిందూపురంలో ప్రభుత్వాసుపత్రికి వచ్చే ప్రతి మెడనొప్పి రోగికీ మొదట కనిపించాల్సిన మనిషి ఫిజియోథెరపిస్టు. మగ్గం ఎలా ఉంటుందో, దాని మీద ఎలా కూర్చుంటారో ఒకసారి వెళ్లి చూసొచ్చిన ఫిజియోథెరపిస్టు.